దక్కన్ ఇస్లామీయ గ్రంథకళ, సూఫీ విద్యా సంప్రదాయం

దక్కన్ పీఠభూమిలో 14వ శతాబ్ది నుంచి 18వ శతాబ్ది వరకు అరబ్బీ, పారసీ, దక్కనీ భాషల్లో వేలాది రాతప్రతులు తయారయ్యాయి. వాటితోపాటు లిపికళ, చిత్రకళ పెరిగాయి. ఆ గ్రంథాలను చదివి, వ్యాఖ్యానించి, శిష్యులకు బోధించిన సూఫీ గురువుల పరంపర కూడా ఆ కాలంలోనే వేళ్లూనుకుంది. బహమనీ రాజ్యం, దాని నుంచి విడివడిన బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానుల రాజ్యాలు ఈ సంప్రదాయానికి ఆధారం. ఇక్కడి గ్రంథాలు ప్రధానంగా రెండు తావుల్లో పుట్టాయి. ఒకటి సుల్తానుల కితాబ్‌ఖానా (గ్రంథశాల), రెండోది సూఫీల ఖాన్‌కా (ఆశ్రమం). దర్బారులో పుస్తకం వైభవానికి గుర్తు అయితే ఖాన్‌కాలో అది సాధనకు పనిముట్టు. ఈ రెండు తావుల మధ్య రాకపోకలు ఎన్నడూ ఆగలేదు. లేఖకుడి శిక్షణ, ఖురాన్ అక్షరం పట్ల భక్తి, గురుశిష్య వరుస రెండింటికీ ఉమ్మడి సొత్తు. అందుకే దక్కన్ గ్రంథసంపదలో దర్బారు భాగాన్ని ఖాన్‌కా భాగంతో కలిపి చూసినప్పుడే దాని అసలు విలువ తెలుస్తుంది.

నేపథ్యం

ఇస్లామీయ సంస్కృతిలో గ్రంథకళకు మూలం ఖురాన్ లేఖనం. తొలి శతాబ్దాల ప్రతులు తోలుపత్రాల మీద ఉండేవి. వాటిలో కోణాలు తేలిన కూఫీ లిపిది పెద్ద స్థానం. 8వ శతాబ్ది చివరినాటికి బాగ్దాద్‌లో కాగితం తయారీ మొదలైంది. కాగితం వాడుక పెరిగిన కొద్దీ పుస్తకాల సంఖ్యా పెరిగింది, వేగంగా రాయడానికి వీలైన గుండ్రని లిపులూ నిలదొక్కుకున్నాయి. అబ్బాసీ ఖలీఫాల దగ్గర వజీరుగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా (మరణం 940) అక్షరాల కొలతలకు ఒక క్రమం ఏర్పరచాడు. ఆ బాటలో నడిచిన ఇబ్న్ అల్ బవ్వాబ్ 1000-01లో బాగ్దాద్‌లో రాసిన ఖురాన్ ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. యాఖూత్ అల్ ముస్తాసిమీ (మరణం 1298) నాటికి నస్ఖ్, సులుస్, ముహక్కక్, రైహాన్, తౌఖీ, రిఖా అనే ఆరు లిపులు స్థిరపడ్డాయి. 14వ శతాబ్ది చివర ఇరాన్‌లో నస్తాలిఖ్ రూపుదిద్దుకుంది. పారసీ కవిత్వానికి ఇది ఎంతో ఇష్టమైన లిపి అయింది.

తసవ్వుఫ్ అని పిలిచే సూఫీ విద్య కూడా ఆ కాలానికల్లా గ్రంథాల్లోకి చేరింది. లాహోర్‌లో స్థిరపడిన హుజ్వీరీ 11వ శతాబ్దిలో రాసిన ‘కష్ఫ్ అల్ మహ్జూబ్’ ఈ విషయం మీద పారసీలో వచ్చిన తొలి పెద్ద గ్రంథాల్లో ఒకటి. షిహాబుద్దీన్ సుహ్రవర్దీ రచన ‘అవారిఫ్ అల్ మఆరిఫ్’ ఖాన్‌కాల్లో పాఠ్యగ్రంథంగా నిలిచింది. ఇబ్న్ అరబీ (1165-1240) అస్తిత్వమంతా ఒక్కటేనన్న చింతనకు ఆకరమయ్యాడు. అత్తార్, రూమీ మస్నవీ కావ్యాల ద్వారా సాధకుడి ప్రయాణాన్ని కథలుగా చెప్పారు. దక్కన్‌కు వచ్చిన సూఫీలు ఈ గ్రంథాలన్నిటినీ వెంట తెచ్చుకున్నారు.

ఖుల్దాబాద్, గుల్బర్గా, బీదర్

1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాద్‌ను రాజధానిగా చేసుకున్నప్పుడు ఢిల్లీ నుంచి పండితులు, సూఫీలు, లేఖకులు దక్షిణానికి తరలివచ్చారు. ఢిల్లీ సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా శిష్యుడైన బుర్హానుద్దీన్ గరీబ్ (మరణం 1337) వారిలో ఒకడు. ఆయన సమాధి ఉన్న ఖుల్దాబాద్ దక్కన్‌లో చిష్తీ సంప్రదాయానికి తొలి కేంద్రమైంది. గురువు సభలో చెప్పిన మాటలను శిష్యుడు తేదీలవారీగా రాసిపెట్టే మల్ఫూజాత్ ప్రక్రియ ఇక్కడ బాగా పెరిగింది. ఈ ప్రక్రియకు ఒరవడి పెట్టిన ‘ఫవాయిద్ అల్ ఫువాద్’ కర్త అమీర్ హసన్ సిజ్జీ కూడా దౌలతాబాద్‌కు వచ్చి ఖుల్దాబాద్‌లోనే సమాధి అయ్యాడు. బుర్హానుద్దీన్ శిష్యుడు రుక్నుద్దీన్ కాషానీ గురువు మాటలను ‘నఫాయిస్ అల్ అన్ఫాస్’గా కూర్చాడు. ఆయనే రచించిన ‘షమాయిల్ అల్ అత్ఖియా’ సూఫీ విద్యకు సంగ్రహ కోశం లాంటిది. దాని ముందుభాగంలో తాను ఆధారం చేసుకున్న గ్రంథాల పట్టిక ఇచ్చాడు. ఆ పట్టికలో 250కి పైగా పేర్లు ఉన్నాయి. 14వ శతాబ్ది దక్కన్‌లో ఒక సూఫీ పండితుడికి ఎంతటి పుస్తక పరిచయం ఉండేదో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

1347లో అల్లావుద్దీన్ హసన్ బహమన్ షా స్వతంత్ర రాజ్యం స్థాపించి గుల్బర్గాను రాజధాని చేసుకున్నాడు. తైమూర్ దండయాత్ర వేళ ఢిల్లీ విడిచిన సయ్యద్ ముహమ్మద్ హుసైనీ గేసూదరాజ్ (1321-1422) 1400 ప్రాంతంలో అక్కడికి చేరాడు. జనం ఆయనను బందే నవాజ్ అని పిలుచుకుంటారు. గేసూదరాజ్ అరబ్బీ, పారసీ భాషల్లో విరివిగా రాశాడు. ఐనుల్ ఖుజాత్ హమదానీ ‘తమ్‌హీదాత్’కు వ్యాఖ్యానం, ‘అస్మార్ అల్ అస్రార్’ వంటి స్వతంత్ర గ్రంథం ఆయన రచనల్లో ముఖ్యమైనవి. ఇబ్న్ అరబీ సిద్ధాంతాన్ని ఆయన గట్టిగా విమర్శించాడు. ఆయన సభల్లోని సంభాషణలను కుమారుడు ‘జవామి అల్ కలిమ్’ పేరుతో గ్రంథస్థం చేశాడు. దక్కనీ వచనంలోని ‘మిరాజుల్ ఆషిఖీన్’ను చాలాకాలం ఆయనకే ఆపాదించారు గాని ఆ కర్తృత్వాన్ని ఆధునిక పరిశోధకులు అంగీకరించడం లేదు.

అహ్మద్ షా బహమనీ (పాలన 1422-1436) రాజధానిని బీదర్‌కు మార్చాడు. ఇరాన్‌లోని మాహాన్‌కు చెందిన షా నియామతుల్లా వలీ వంశీకులను తన రాజ్యానికి ఆహ్వానించాడు. అష్టూర్‌లో ఉన్న అహ్మద్ షా సమాధి లోపలి గోడలు బంగారు, ఎరుపు, నీలి రంగుల లేఖనంతో నిండి ఉన్నాయి. అందులో నియామతుల్లాహీ సిల్సిలా గురుపరంపర కూడా ఉంది. పుస్తకంలో ఉండాల్సిన షజరా (గురుపరంపర పట్టిక) ఇక్కడ గుమ్మటం కిందికి ఎక్కింది. వజీరు మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో కట్టించిన మూడంతస్తుల మదరసాలో పెద్ద గ్రంథాలయం ఉండేది. దాని ముఖభాగంలో మిగిలిన రంగుపలకల మీద సులుస్ లిపి ఇప్పటికీ కనిపిస్తుంది. 1696లో జరిగిన పేలుడుతో ఆ కట్టడంలో చాలా భాగం కూలిపోయింది.

రాతప్రతి తయారీ

రాతప్రతి ఒక్కరి పని కాదు. కాగితం చేసేవాడు, లేఖకుడు, బంగారు అలంకరణ చేసేవాడు, చిత్రకారుడు, జిల్దు కట్టేవాడు వరుసగా చేయి వేస్తే గ్రంథం పూర్తయ్యేది. దౌలతాబాద్ దగ్గరి కాగజీపుర గ్రామం చేతికాగితానికి పేరుపడింది. పాతగుడ్డలు, నార నానబెట్టి దంచి, ఆ గుజ్జును తెరలమీద ఎత్తి ఆరబెట్టేవారు. అలా వచ్చిన కాగితం సిరాను పీల్చేస్తుంది. అందుకని దానికి గంజి పట్టించి, ఆరాక అకీకు రాయితోనో గవ్వతోనో నునుపు తేలేదాకా రుద్దేవారు. ఇలా మెరుగుపెట్టిన కాగితం మీద కలం తడబడకుండా జారుతుంది. తప్పు పడితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయడానికీ వీలవుతుంది.

గీతలు కొట్టడానికి మిస్తర్ అనే సాధనం ఉండేది. ఒక అట్టకు వరుసలు ఎక్కడెక్కడ రావాలో అక్కడ దారాలు బిగించి కుట్టేవారు. ఆ అట్టమీద కాగితం పరిచి వేలితో ఒత్తితే దారాల జాడ కాగితం మీద లేస్తుంది. సిరా గీత అవసరం లేకుండానే ప్రతి పుటలోనూ పంక్తులు ఒకే ఎడంలో వస్తాయి. ఏటవాలుగా వెలుగు పడేటట్టు పట్టుకుంటే కొన్ని ప్రతుల్లో ఆ జాడ ఇప్పటికీ తెలుస్తుంది.

కలం రెల్లుజాతి పుల్లతో చేసినది. దాని మొనను ఏటవాలుగా కోసి, మధ్యలో సిరా దిగడానికి సన్నని చీలిక పెడతారు. ఆ మొనను కాగితం మీద ఒక్కసారి నొక్కి లాగితే వాలుగా నిలబెట్టిన చతురస్రం ఆకారంలో చుక్క పడుతుంది. అక్షరాల కొలత అంతా ఆ చుక్కతోనే. అలిఫ్ నిలువు నస్ఖ్‌లో సాధారణంగా ఐదు చుక్కలు, సులుస్‌లో ఏడు. మిగతా అక్షరాల వంపులు, పొట్టలు, తోకలు కూడా చుక్కల లెక్కలోనే ఉంటాయి. కలం మందం మారితే చుక్క మారుతుంది, దానితోపాటే అక్షరమంతా మారుతుంది. అందుకే అరచేతిలో పట్టే ఖురాన్‌లోనూ మసీదు గోడమీదా లిపి పొందిక ఒక్కటే. సిరాకు దీపపు మసి, తుమ్మజిగురు కలిపి గంటల తరబడి నూరేవారు. సిరాబుడ్డిలో పట్టుపీచు ఉంచితే కలానికి సిరా ఎక్కువతక్కువలు లేకుండా అందేది.

రాత ముగిశాక ఆ పుట అలంకర్త చేతికి వెళ్లేది. బంగారు రేకును జిగురుతో నూరి సిరాగా చేసేవారు. రంగుల్లో ఇంగిలీకం, హరిదళం, నీలిమందు, సీసపు తెలుపు, బదక్షాన్ నుంచి వచ్చే లాజవర్దపు నీలం ముఖ్యమైనవి. గ్రంథారంభంలో సూర్యబింబం లాంటి షమ్సా, దాని తరువాత శిరోభాగపు అలంకారం, పాఠం చుట్టూ రంగుగీతల చట్రం వస్తాయి. ప్రతి పుట అడుగున తరువాతి పుట మొదటిమాట రాసేవారు. పుటలు విడిపోయినా క్రమం పోకుండా కాపాడేది ఆ మాటే. గ్రంథాంతంలోని తర్ఖీమాలో లేఖకుడు పేరు, తేదీ, కొన్నిసార్లు ఊరు చెప్పి చదివేవారిని ప్రార్థన కోరేవాడు. జిల్దు తోలుతో కట్టి, ఎడమ అట్టకు మడత నాలుక పెట్టేవారు. అది పుటల అంచుల్ని కప్పుతుంది.

దక్కన్‌కు ప్రత్యేకమైన వేలిముద్ర అబ్రీ కాగితంలో కనిపిస్తుంది. జిగురునీటి మీద రంగులు తేలేసి, దువ్వెనతో అలలుగా లాగి, వాటిని కాగితం మీదికి ఎత్తే పద్ధతి ఇది. ఇతర చోట్ల దీన్ని ఎక్కువగా అంచులకు, జిల్దు లోపలి అట్టలకు వాడితే, 17వ శతాబ్ది దక్కన్ కళాకారులు అచ్చుకాగితాలతో కొంతభాగం కప్పి ఏనుగులు, గుర్రాలు, ఫకీర్లు వంటి ఆకృతులనే అబ్రీతో సృష్టించారు. ఎముకలు తేలిన గుర్రాన్నీ దాని మీది బక్కచిక్కిన మనిషినీ ఈ పద్ధతిలో చూపే చిత్రాలు అదుపు చేయాల్సిన దేహవాంఛకు గుర్తులుగా సూఫీ కవిత్వంలో కనిపించే ఊహను తలపిస్తాయి.

అహ్మద్‌నగర్, బీజాపూర్ చిత్రగ్రంథాలు

దక్కన్ చిత్రకళకు తొలి ఉదాహరణల్లో ‘తారీఫే హుసైన్ షాహీ’ ఒకటి. అహ్మద్‌నగర్ సుల్తాన్ హుసైన్ నిజాం షాను కీర్తిస్తూ 1560ల్లో ఆఫ్తాబీ అనే కవి రాసిన ఈ పారసీ కావ్యం ప్రతి పుణేలోని భారత ఇతిహాస సంశోధక మండల్‌లో ఉంది. తళ్లికోట యుద్ధ ఘట్టాలూ, రాణి ఖంజా హుమాయూన్ సుల్తాను పక్కన కూర్చున్న దృశ్యాలూ ఇందులో ఉన్నాయి. తరువాతి కాలంలో ఎవరో చాలా చిత్రాల్లో రాణి రూపాన్ని చెరిపేశారు.

బీజాపూర్‌లో 1570లో తయారైన ‘నుజూమ్ అల్ ఉలూమ్’ ఇప్పుడు చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. గ్రహనక్షత్రాలు, యంత్రతంత్రాలు, ఏనుగులు, గుర్రాలు, ఆయుధాలు ఇందులోని విషయాలు. వందలాది చిత్రాలున్న ఈ గ్రంథంలో ఇస్లామీయ ఖగోళ విద్య భారతీయ దేవతారూపాల పక్కనే కూర్చుంది. పాలకుడికి కావలసిన జ్ఞానం ఏ తోవ నుంచి వచ్చినా స్వీకరించాలన్న దృష్టి ఇందులో స్పష్టం.

బీజాపూర్ సుల్తాన్ ఇబ్రహీం ఆదిల్ షా II (పాలన 1580-1627) సంగీతం, లిపికళ, చిత్రకళ మూడింటిలోనూ ప్రవేశం ఉన్నవాడు. రాగాల వారీగా కూర్చిన దక్కనీ పాటల గ్రంథం ‘కితాబే నవ్‌రస్’ ఆయన రచన. అందులో సరస్వతి, గణపతి స్తుతులతోపాటు గేసూదరాజ్ స్తుతి కూడా ఉంది. దర్బారు పాటల్లో గుల్బర్గా పీరు (సూఫీ గురువు) పేరు వినబడడం రెండు తావుల కలయికకు నిదర్శనం. ఇరాన్ నుంచి వచ్చిన నస్తాలిఖ్ లేఖకుడు ఖలీలుల్లాకు సుల్తాను ‘పాదుషాహే ఖలం’ బిరుదు ఇచ్చాడు. చిత్రకారుడు ఫర్రుఖ్ బేగ్ ఆ దర్బారులోనే కొంతకాలం పనిచేశాడు.

సూఫీ తత్వం చిత్రంగా ఎలా మారిందో తెలుసుకోవడానికి ‘పేమ్ నేమ్’ను చూడాలి. హసన్ మంజూ ఖల్జీ 1590-91లో రాసిన ఈ దక్కనీ మస్నవీ ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇందులో 34 చిత్రాలు ఉన్నాయి. కథానాయకుడు షాజీ. అతని ప్రియురాలు మాజీ రూపం అతని గుండెమీద అచ్చుపడి ఉంటుంది. చిత్రకారుడు దీన్ని మాటవరసకు వదిలేయలేదు. షాజీ కనిపించిన చోటల్లా అతని ఛాతీమీద స్త్రీముఖం గీశాడు. వేటలో ఉన్నా, తోటలో ఉన్నా, ఏడుస్తున్నా ఆ ముఖం అక్కడే ఉంటుంది. చివరికి మాజీ ఎదురుపడినప్పుడు షాజీ ఆమెను తన గుండెలోని రూపానికి నీడ అనుకుని విడిచిపోతాడు. ఎడబాటు అనుభవించాకే అసలు సంగతి తెలిసి ఆమెను చేరుకుంటాడు. హృదయం అద్దం లాంటిదనీ, అందులో సత్యం ప్రతిఫలిస్తుందనీ సూఫీలు చెప్పేమాట. ప్రతిబింబాన్నే పట్టుకుని వేలాడితే సత్యం చేజారుతుందన్న హెచ్చరికా వారిదే. వచనంలో పుటలకొద్దీ వివరించాల్సిన ఈ తత్వాన్ని ఛాతీమీది చిన్నముఖం ఒక్క చూపులో అందిస్తుంది.

ఇదే మార్గంలో బీజాపూర్ కవి నుస్రతీ 1657లో ‘గుల్షనే ఇష్ఖ్’ రాశాడు. ఉత్తరభారత సూఫీ ప్రేమకావ్యం మధుమాలతి కథే దీనికి ఆధారం. దక్కన్‌లో 1743లో తయారైన దాని ప్రతి ఒకటి ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో ఉంది. అందులోని 97 చిత్రాలు బీజాపూర్ రాజ్యం పోయిన తరువాత కూడా ఈ కథలకు ఆదరణ తగ్గలేదని చెబుతాయి.

గోల్కొండ, హైదరాబాద్

కుతుబ్‌షాహీ వంశం గోల్కొండను ఏలింది. ఆ వంశంలో గ్రంథపోషణకు గట్టి పునాది వేసినవాడు ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550-1580). గోల్కొండలో 1572లో నకలు చేసిన వైద్యకోశం ‘జఖీరయే ఖ్వారజ్మ్‌షాహీ’ చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. ఆ దర్బారులో పారసీ గ్రంథాలతోపాటు తెలుగు కావ్యాలూ వెలువడ్డాయి. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఇబ్రహీంకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్రము’ను పొన్నికంటి తెలగన ఆ రాజ్యంలోని అధికారి అమీన్ ఖాన్‌కు అంకితం చేశాడు. తెలుగు కవులు సుల్తానును మల్కిభరాముడని పిలిచారు. గోల్కొండ ఫర్మానాల్లో పారసీ పాఠంతోపాటు తెలుగు పాఠం ఉన్నవి దొరుకుతున్నాయి. ఒకే కాగితం మీద రెండు లేఖన సంప్రదాయాలు పక్కపక్కన నిలిచిన చోటు ఇది.

1591లో హైదరాబాద్ నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా (పాలన 1580-1612) దక్కనీలో పెద్ద కవి. వసంతం, వానాకాలం, పండుగలు, మొహర్రం శోకం ఆయన కవితావస్తువులు. తెలుగుమాటలూ ఆయన కవిత్వంలోకి ఎక్కాయి. ఆయన కవితల సంపుటి ‘కుల్లియాత్’ రాజప్రతి ఒకటి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. బంగారు పూతలతో, చిత్రాలతో నిండిన ఈ ప్రతి గోల్కొండ గ్రంథకళలో ఎన్నదగినది. ఆయన అల్లుడు, వారసుడు సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా (పాలన 1612-1626) గొప్ప గ్రంథప్రియుడు. పుస్తకాల మొదటి పుటల్లో స్వహస్తంతో రాసిన గుర్తులు, వేసిన ముద్రలు ఇప్పుడు వివిధ దేశాల్లోని ప్రతుల మీద కనిపిస్తాయి. చెదిరిన కుతుబ్‌షాహీ గ్రంథాలయాన్ని పరిశోధకులు ఆ ముద్రల ఆధారంగానే మళ్లీ ఊహించగలుగుతున్నారు.

అబ్దుల్లా కుతుబ్ షా (పాలన 1626-1672) కాలంలో నిఘంటుకర్తలు, కవులు, తత్వవేత్తలు హైదరాబాద్‌లో చేరారు. ముహమ్మద్ హుసైన్ తబ్రేజీ రూపొందించిన పారసీ నిఘంటువు ‘బుర్హానే ఖాతి’ 1651-52లో ఇక్కడే పూర్తయి సుల్తానుకు అంకితమైంది. ముల్లా వజహీ 1635లో రాసిన ‘సబ్‌రస్’ దక్కనీ గద్యానికి మైలురాయి. నిషాపూర్‌కు చెందిన ఫత్తాహీ పారసీలో చెప్పిన సౌందర్యం, హృదయం కథ దీనికి మూలం. బుద్ధి, ప్రేమ, హృదయం, సౌందర్యం ఇందులో పాత్రలుగా నడుస్తాయి. సుల్తాను కోరిక మీద రాసిన ఈ గ్రంథం తసవ్వుఫ్ పాఠాన్ని దర్బారు వినోదంగా మలిచింది. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా (పాలన 1672-1687) సింహాసనం ఎక్కకముందు గేసూదరాజ్ వంశీకుడైన షా రాజూ శిష్యుడిగా గడిపాడు. గురువుకు హైదరాబాద్‌లో పెద్ద సమాధి కట్టించాడు.

ఖాన్‌కా విద్య, దక్కనీ గ్రంథాలు

ఖాన్‌కాలో చదువంటే పీరు సన్నిధిలో గ్రంథాన్ని పైకి చదవడం, ఆయన వివరణ వినడం, ఆచరించడం. ఒక గ్రంథాన్ని ఇలా పూర్తిచేసినవాడికి దాన్ని బోధించే అనుమతి, అంటే ఇజాజా, దొరికేది. సాధనలో పరిణతి పొందిన మురీదుకు (శిష్యుడికి) పీరు ఖిలాఫత్ ఇచ్చి ఖలీఫాగా ప్రకటించేవాడు. షజరాలో అతని పేరు చేరేది. ప్రవక్త నుంచి తన గురువు దాకా తెగని వరుస చూపే ఈ షజరా సాధకుడికి అధికారపత్రం, జపానికి పాఠం కూడా.

పారసీ రాని శిష్యుల కోసం బీజాపూర్ చిష్తీలు దక్కనీలో రాయడం మొదలుపెట్టారు. మీరాంజీ షమ్సుల్ ఉష్షాఖ్ ‘ఖుష్‌నామా’లో ఒక యువతి ప్రశ్నలకు జవాబులుగా సాధన మార్గం వివరించాడు. జనం భాషలో రాయడం ఎందుకు తప్పుకాదో కూడా వాదించాడు. ఆయన కుమారుడు బుర్హానుద్దీన్ జానం 1582లో ‘ఇర్షాద్‌నామా’ పూర్తిచేశాడు. జానం కుమారుడు అమీనుద్దీన్ ఆలా (మరణం 1675) పంచభూతాలు, వాటికి తగిన ఇరవై ఐదు గుణాలు అన్న లెక్కతో మానవదేహాన్ని వ్యాఖ్యానించాడు. భారతీయ సాంఖ్య, యోగ పరిభాష తెలిసినవారికి ఈ లెక్క కొత్తగా తోచదు.

ఈ పరంపర గోల్కొండకూ పాకింది. గోల్కొండ కొలువులో ఉన్న మీరాంజీ ఖుదానుమా బీజాపూర్ వెళ్లి అమీనుద్దీన్ శిష్యుడై తిరిగివచ్చాడు. గేసూదరాజ్ పారసీలో వ్యాఖ్యానించిన ‘తమ్‌హీదాత్’నే ఆయన దక్కనీ గద్యంలోకి తెచ్చాడు. ఖుల్దాబాద్‌లో రుక్నుద్దీన్ కాషానీ కూర్చిన ‘షమాయిల్ అల్ అత్ఖియా’ను 17వ శతాబ్ది రెండో సగంలో మీరాన్ యాఖూబ్ దక్కనీ చేశాడు. మూడు వందల ఏళ్ల ఎడంలో ఒకే గ్రంథం పండితుల భాష నుంచి ఇంటిభాషకు దిగివచ్చింది. ఈ ప్రతుల్లో బంగారం ఉండదు, చిత్రాలు ఉండవు. చాలావాటిని అక్షరగుర్తులు విడమరచి చూపే నస్ఖ్‌లోనే రాశారు. చదవడం కొత్తగా నేర్చినవాడికీ మాట సరిగ్గా పలకడం వీలుకావాలన్నది వాటి ఉద్దేశం.

చదవడం రానివారికి పాటలు ఉన్నాయి. తిరగలి తిప్పేటప్పుడు పాడే చక్కీనామాలు, రాట్నం వడికేటప్పుడు పాడే చర్ఖానామాలు దక్కన్ సూఫీ సాహిత్యంలో ప్రత్యేక శాఖ. చక్కీనామాల్లో తిరగలి పిడిని నిలువుగా ఉన్న అలిఫ్ అక్షరంతో పోలుస్తారు. అలిఫ్ అల్లాకు గుర్తు. నడిమి మేకు ప్రవక్తకు సంకేతం. లేఖకుడు ఏళ్ల తరబడి చుక్కలతో కొలిచి నేర్చుకునే అక్షరమే గృహిణి పిండి విసిరే వేళ ధ్యానానికి ఆలంబనమైంది. దర్బారు కితాబ్‌ఖానా మొదలు పల్లె వాకిలి వరకు ఈ విద్య ఎంతగా వ్యాపించిందో ఈ ఒక్క అలిఫ్ చెబుతుంది.

కట్టడాలపై లిపి

పుస్తకంలో రాటుదేలిన చేయి రాతిమీదా పలకమీదా పనిచేసింది. బీజాపూర్ ఇబ్రహీం రౌజాలో కిటికీల రాతిజాలీలే అక్షరాలు. లోపలి చీకటిలోంచి చూస్తే వెలుగే లిపిగా కనిపిస్తుంది. బీజాపూర్ జామా మసీదు మిహ్రాబ్‌కు 1636లో వేసిన రంగుచిత్రాల్లో గూళ్లలో పేర్చిన పుస్తకాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ బాద్‌షాహీ ఆషుర్‌ఖానాను ముహమ్మద్ ఖులీ 1590ల్లో కట్టించాడు. దాని గోడలకు 1611 నాటికి పూర్తయిన రంగుపలకల పని మొహర్రం ఆలమ్‌ల (ధ్వజాల) ఆకారాల్లో పవిత్రనామాలను చూపుతుంది. 1908 మూసీ వరదలో ఆ పలకల్లో కొన్ని దెబ్బతిన్నాయి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల నల్లరాతి పేటికల మీద ఖురాన్ వాక్యాలను నస్ఖ్, సులుస్ లిపుల్లో అంచెలంచెలుగా చెక్కారు.

చెదరడం, భద్రపరచడం

1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. రాజగ్రంథాలయాల్లోని ప్రతులు కొన్ని మొగలుల ఖజానాకు, కొన్ని సేనానుల ఇళ్లకు, తరువాత యూరపు సేకర్తల చేతుల్లోకి వెళ్లాయి. బీజాపూర్ అసర్ మహల్‌లో మిగిలిన గ్రంథాలను 19వ శతాబ్ది మధ్యలో లండన్‌లోని ఇండియా ఆఫీసు గ్రంథాలయానికి తరలించారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భాగం. ఖాన్‌కాల గ్రంథాలు మాత్రం ఎక్కువగా వంశీకుల సంరక్షణలోనే ఉండిపోయాయి.

అసఫ్‌జాహీల కాలంలో హైదరాబాద్ మళ్లీ గ్రంథకేంద్రమైంది. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించింది. అల్ బీరూనీ ఖగోళగ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ని అచ్చులోకి తెచ్చింది ఈ సంస్థే. 1891లో ఆరంభమైన అసఫియా గ్రంథాలయం నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దాని రాతప్రతులు తరువాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) సేకరణ 1951లో మ్యూజియంగా ప్రజలకు తెరుచుకుంది. కూఫీ ఖురాన్ పుటల నుంచి దక్కనీ మస్నవీల దాకా ఈ సంప్రదాయం అంతా అక్కడ ఒకేచోట చూడవచ్చు.

తేమ, పురుగు, సిరాలోని ఆమ్లం, నేర్పులేని మరమ్మతు రాతప్రతికి ప్రధాన శత్రువులు. ఇప్పుడు ఆమ్లరహిత కాగితంతో మరమ్మతు, నియంత్రిత ఉష్ణోగ్రత, డిజిటల్ నకళ్లు రక్షణకు తోడ్పడుతున్నాయి. వివరణాత్మక సూచికల తయారీ కూడా అంతే అవసరం. చిత్రాలున్న రాజప్రతుల మీద పుస్తకాలు, ప్రదర్శనలు చాలానే వచ్చాయి. చిత్రాలు లేని ఖాన్‌కా ప్రతులు మాత్రం తగినంత శ్రద్ధకు నోచుకోలేదు. ‘పేమ్ నేమ్’ చిత్రాలకు అర్థం చెప్పే తత్వం ఆ సాదా ప్రతుల్లోనే ఉంది. పారసీ, దక్కనీ, అరబ్బీ తెలిసినవారు, తెలుగు, కన్నడ, మరాఠీ చరిత్రకారులు కలిసి పనిచేస్తే తప్ప ఈ రెండు రకాల గ్రంథాలనూ కలిపి చదివే పని ముందుకు సాగదు.